మెడ వరకు ఇసుకలో మొదలైన స్నేహం

మొన్న నా కాలిపర్‌కు, అంటే పోలియో కాలు నిలబడడానికి తొడుక్కునే ఇనుప చట్రానికి, మోకాలి దగ్గరుండే లాక్ విరిగింది. బస్సు దిగుతుండగా ‘టప్’మని చప్పుడైంది, కాలు మడత పడింది. పక్కనే పూలమ్ముకునే ఆమె బుట్టకున్న తాడు విప్పి ఇస్తే, కడ్డీలను తొడకు బిగించి కట్టుకుని ఎలాగో ఇల్లు చేరాను. మర్నాడు బాగు చేయించడానికి వెళ్తే అక్కడ పాతికేళ్ల కుర్రాడు కనిపించాడు. ఇలాంటి పరికరాలు చేసే చదువు చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. నా ప్యాంటు పైకి మడిచి చూసి, “సార్, ఏమీ అనుకోకపోతే ఒక ఫొటో తీసుకోవచ్చా?” అన్నాడు. ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద బూటు ఉన్న ఇలాంటి కాలిపర్‌ను వాళ్ల పుస్తకంలో బొమ్మగా చూశాడట. మనిషి కాలికి ఉండగా చూడడం అదే మొదలట. పోలియో కాలును చూడడమూ అదే మొదలట.

కోపం రాలేదు, నవ్వొచ్చింది. “తీసుకో బాబూ, రెండు వైపులా తీసుకో” అన్నాను.

ఆ అబ్బాయి తప్పేముంది? మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. అతను కాలేజీ మెట్లెక్కే నాటికే మా కాళ్లు పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయాయి. పోలియో పోవాలి, పోయింది. దాని కోసం ఒక్క కన్నీటి చుక్క కూడా దండగే. కానీ అతను పట్టీలు విప్పి బల్ల మీద పెట్టగానే చెమట పీల్చిన పాత తోలు, కుట్టుమిషను నూనె కలిసిన వాసన గుప్పుమంది. దానితో పాటు మనుషులు గుర్తొచ్చారు. ఎవరూ ఎవరినీ “కాలికి ఏమైంది?” అని అడగని ఒక లోకం ఉండేది మాకు. అందులో పెరగకపోతే నేను ఇంకో రకం మనిషినయ్యేవాణ్ని. ఇవి దాని తాలూకు ముచ్చట్లు.

*

మాలో ఎవరి తల్లిని కదిపినా ఒకటే కథ. రెండు రోజులు జ్వరం కాసింది, ఊళ్లో డాక్టరు సూది వేశాడు, తెల్లవారేసరికి కాలు వేలాడిపోయింది. సూది వల్లే పోయిందని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. పోలియో వైరసు ఒంట్లో ఉన్న సమయంలో కండకు సూది వేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుందని చాలా ఏళ్లకు చదివాను. అమ్మ మాట ఒట్టి మూఢనమ్మకమని కొట్టిపారేసిన చదువుకున్నవాళ్లందరికీ ఆ రోజు మనసులోనే ఒక దండం పెట్టాను.

ఆ తర్వాత వైద్యాలు. పావురం నెత్తురుతో మర్దన, ఆముదంతో మర్దన, ఎవరో చెప్పిన పసరు. ఒక్కో బంధువు ఒక్కో వైద్యం పట్టుకొచ్చేవాడు, పండగకు పిండివంటలు తెచ్చినట్టు. వాటన్నిటిలో పెద్ద వైద్యం గ్రహణం నాటిది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఆ నీడ మా నల్గొండ జిల్లా మీదుగానే సాగింది. హైదరాబాద్ దగ్గర రంగాపూర్ వేధశాలకు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో దుర్భిణులతో దిగారు. మా ఊరి నుంచి మా నాయన, చిన్నాయన పలుగూ పారా పట్టుకుని మూసీ ఒడ్డుకు బయలుదేరారు. గ్రహణం పట్టే వేళకు మెడ వరకు ఇసుకలో ఉంటే పడిపోయిన కాలుకు సత్తువ వస్తుందని మా నాయనమ్మ ఎక్కడో విన్నది. ఆమె విన్నదంటే ఇంట్లో చట్టమే.

పైన ఇసుక వెచ్చగా ఉంది. లోపలికి దింపేకొద్దీ చల్లగా, తడిగా తగిలింది. పూడ్చడం అయ్యాక మా నాయన నా మెడ చుట్టూ ఇసుకను అరచేత్తో తట్టాడు. గ్రహణం చూడకూడదని పెద్దవాళ్లంతా దూరంగా చింతచెట్టు కిందికి పోయి నెత్తిన గుడ్డలు కప్పుకున్నారు. అప్పుడు చూశాను, నాకు నాలుగడుగుల దూరంలో ఇంకో తల ఉంది. రెండు జడల పిల్ల, నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, పక్క ఊరు.

“నీకే కాలు?” అంది.

“ఎడమది.”

“నాకు రెండూ” అంది గొప్పగా.

ఇంతలో నా ముక్కు మీద ఈగ వాలింది. చేతులు ఇసుకలో ఉన్నాయి. తల విదిలించాను, పోలేదు. ఏడుపు లంకించుకోబోయాను. ఆ పిల్ల విసుక్కుని, “కింది పెదవి ముందుకు పెట్టి పైకి ఊదు” అంది. ఊదాను. ఈగ ఎగిరిపోయింది. నా బతుకులో పనికొచ్చిన మొదటి వైద్య సలహా అదే.

పట్టపగలే చీకటి పడింది. కాకులు గోల చేసుకుంటూ చెట్లకు చేరాయి. ఊళ్లో కుక్కలు మొరిగాయి. “భయంగా ఉందా?” అని అడిగింది. లేదన్నాను. “నాకుంది. ఏదైనా చెప్పు” అంది. నాకు వచ్చింది రెండో ఎక్కం ఒక్కటే. రెండు ఒకట్ల రెండు నుంచి మొదలుపెట్టి, మళ్లీ వెలుతురు వచ్చేదాకా తిరగేసి మరగేసి అదే చెప్పాను.

కాళ్లు ఎలా లోపలికి వెళ్లాయో అలాగే బయటికి వచ్చాయి. ఇసుక మాత్రం చెవుల్లోంచి చాలా రోజులు రాలింది. ఆ పిల్ల తర్వాత మా జిల్లాలో వికలాంగులందరికీ అక్క అయింది. ఇప్పటికీ ఎవరికైనా నన్ను పరిచయం చేయాలంటే “మా గుంత తమ్ముడు” అంటుంది.

*

హైదరాబాద్‌లో వికలాంగుల హాస్టల్లో చేరాక, తెల్లవారుజామున లాకులు పడే చప్పుడుతో మెలకువ వచ్చేది. మంచం అంచున కూర్చుని, కాలు చాపి, తొడ పట్టీ, మోకాలి పట్టీ, పిక్క పట్టీ వరసగా బిగించాలి. కాలు తిన్నగా చేసి నిలబడితే మోకాలికి రెండు పక్కలా ఉన్న రింగులు కిందికి జారి ‘టక్ టక్’మని కూర్చుంటాయి. ఒక్క రింగు సరిగా కూర్చోకపోయినా రెండో అడుగులో నేల మీద ఉంటాం. గదికి పది మంది. అందరి రింగులూ ఒకదాని వెనక ఒకటి పడుతుంటే కళ్లు మూసుకునే ఎవరు లేచారో, ఎవరు ఇంకా దుప్పటి కప్పుకున్నారో చెప్పగలిగేవాళ్లం. నడకలు కూడా అంతే. వరండాలో ‘టక్, జర్రు, టక్, జర్రు’ అని వినిపిస్తే వార్డెన్ గదికి కబురు మోసేవాడు వస్తున్నాడని పేకముక్కలు దిండు కిందికి పోయేవి.

ఒక కాలికి కాలిపర్ ఉన్నవాణ్ని ‘సింగిల్’ అనేవాళ్లు, రెండు కాళ్లకూ ఉన్నవాణ్ని ‘డబుల్’. చంకకర్రల వాళ్లకు వేరే హోదా. కర్రల కింద రబ్బరు బుష్‌లు అరిగిపోతే నున్నటి గచ్చు మీద ప్రాణం మీదికి వచ్చేది. అందుకని ఎవరింటి నుంచి మనియార్డరు వచ్చినా మొదటి ఖర్చు బుష్‌లకే, సినిమా తర్వాత. వానాకాలం తోలు ఉబ్బి పట్టీలు బకిల్‌లోకి దూరేవి కావు. ఆదివారం మధ్యాహ్నం అందరం వరండాలో కాళ్లు చాపుకుని కీళ్లకు నూనె వేసుకునేవాళ్లం. నూనె డబ్బా ఒకటే, చేతులు మారుతూ పోయేది. ఆ గంటలో అబద్ధం చెప్పకూడదని ఒక నియమం ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు. మా గుట్టుమట్లన్నీ ఆ నూనెలోనే నానాయి.

క్రికెట్‌కు సొంత రూల్సు. కర్రకు తగిలి బంతి పోతే రెండు పరుగులు. కింద పడితే అవుట్ కాదు, ఆట కాసేపు ఆగుతుంది అంతే. చూపు లేని ఒకడు అంపైరు. బంతి ప్యాడుకు తగిలిందో బ్యాటుకు తగిలిందో చప్పుడు బట్టి చెప్పేవాడు, వాడి తీర్పుకు తిరుగులేదు.

చెప్పుల జోడీ అని ఒక బంధుత్వం ఉండేది మాలో. పోలియో కాలికి పాదం సరిగా ఎదగదు. నా కుడి పాదం ఏడో నంబరైతే ఎడమది నాలుగు. ఏ కొట్టువాడూ విడివిడిగా అమ్మడు కాబట్టి ప్రతిసారీ రెండు జతలు కొని రెండు చెప్పులు పారేయాలి. దీనికి విరుగుడు, ఎడమ ఏడు, కుడి నాలుగు ఉన్న మనిషిని వెతుక్కోవడం. నాకు కరీంనగర్ నుంచి వచ్చిన ఒకడు దొరికాడు. చాలా ఏళ్లు ఇద్దరం కలిసే చెప్పులు కొన్నాం. ఉద్యోగాలొచ్చి ఊళ్లు మారాక కూడా ఒక చెప్పు పార్సిల్‌లో వచ్చేది. పోస్ట్‌మ్యాన్‌కు మా వ్యవహారం ఎప్పటికీ అర్థం కాలేదు.

కాలిపర్లు చేసే భాయ్ గురించి చెప్పకపోతే పాపం. నేల మీద ముదురు రంగు కాగితం పరిచి, దాని మీద కాలు పెట్టించి, పెన్సిలుతో అంచు వెంట గీసేవాడు. ఆ గీత చూస్తే ఎంత సన్నగా ఉందో తెలిసిపోతుంది కదా, నేను మొహం తిప్పుకునేవాణ్ని. భాయ్ మాత్రం గీతకు కొంచెం బయటగా ఇంకో గీత గీసి, “ఎదుగుతావు బేటా, జాగా ఉండాలి” అనేవాడు. కడ్డీలకు పైన అదనంగా రంధ్రాలు వేసి పెట్టేవాడు. ఏడాదికో రంధ్రం చొప్పున మేం పొడుగయ్యేవాళ్లం. గోడకు గీతలు గీసి పిల్లల ఎత్తు చూసుకునే ఇళ్లుంటాయి. నా ఎత్తు లెక్క ఆ రంధ్రాల్లో ఉండేది.

వేసవి సెలవులంటే ఆపరేషన్ల కాలం. కొందరు తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రికి వెళ్లేవారు. కొందరు విశాఖ డాక్టర్ ఆదినారాయణరావు గారి శిబిరాలకు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా పాత హాస్టల్ వాళ్ల ఫోన్లు రెండు రోజులు ఆగలేదు. జూన్‌లో తిరిగి వచ్చేసరికి ఎవరి కాలు తిన్నగా అయిందో, ఎవరికి పిండికట్టు ఇంకా ఉందో చూసుకోవడం మాకు పరీక్షా ఫలితాలకంటే ముఖ్యం. కట్టు మీద అందరం సంతకాలు చేసేవాళ్లం.

*

అక్క చదువు పదో తరగతితో ఆగింది. ఊళ్లో బడి ఉంది, పై చదువుకు బస్సెక్కాలి, బస్సుకు మెట్లున్నాయి. అంతే కథ. కొన్నాళ్లకు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఎస్టీడీ బూతు పెట్టుకుంది. ఆ రోజుల్లో బూతుల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. ఏ పట్టణంలో చూసినా పసుపుపచ్చ బోర్డు కింద మనవాళ్లు ఒకరు కూర్చుని ఉండేవారు. సెల్‌ఫోన్లు వచ్చి బూతులు మూతపడ్డప్పుడు ఎందరి పొయ్యి ఆరిపోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు, ఆ సంగతి వేరు.

గాజు తలుపు గదిలో ఫోను, పైన తిరగని ఫ్యాను, ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు, కాల్ అయిపోగానే ‘చిర్ర్’మని బిల్లు కక్కే చిన్న మిషను. బూతు ముందు మోరీ మీద అక్క వడ్రంగి చేత ఏటవాలుగా ఒక చెక్క వేయించింది. మా పట్టణంలో మొదటి ర్యాంపు అదే అనుకుంటాను. సాయంత్రమయ్యేసరికి మూడు చక్రాల బళ్లు అక్కడ వరస కట్టేవి. ఎవరికి పింఛను ఆగింది, ఎవరికి బస్ పాస్ ఇవ్వనన్నారు, ఎవరి పిల్లకు బడిలో సీటు కాదన్నారు, అన్నీ అక్కడే తేలేవి. అర్జీలు నేను రాసేవాణ్ని, చేతిరాత బాగుంటుందని. భాష మాత్రం అక్కది. “తమరి దయవల్ల” అని రాయబోతే పెన్ను లాక్కునేది. “దయ ఎందుకు? తీసెయ్. రూలు నంబరు రాయి.”

రూలు అంటూ ఒకటి దొరికింది 1995 డిసెంబరులో. ఢిల్లీలో వికలాంగుల హక్కుల నాయకుడు జావేద్ అబిదీ లాంటివాళ్లు రోడ్డెక్కారని పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆయన చక్రాల కుర్చీ మనిషి. కుర్చీలో కూర్చునే ఢిల్లీని కదిపాడని విన్నప్పుడు మా బళ్ల వరసలో కాస్త కలకలం పుట్టింది. ఒక రాత్రి, ఫోన్ ఛార్జీ పావు వంతుకు తగ్గే వేళయ్యాక, మా హాస్టల్ అంపైరు ఢిల్లీ నుంచి ఫోన్ చేశాడు. పార్లమెంటులో చట్టం పాసైంది. అక్క స్పీకరు మీద పెట్టి, చట్టం పేరు మళ్లీ మళ్లీ చెప్పించుకుని బిల్లు రోలు చించి దాని మీద రాసుకుంది. సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, పూర్తి భాగస్వామ్యం. పేరు రాయడానికే జానెడు కాగితం పట్టింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఉద్యోగాల్లో నూటికి మూడు: చూపు లేనివాళ్లకు ఒకటి, వినికిడి లేనివాళ్లకు ఒకటి, మాకు ఒకటి. నా గుమాస్తా కొలువు ఆ ఒక్కటిలోంచి వచ్చిందే. అపాయింట్‌మెంట్ కాగితం మొదట చూపించింది మా ఇంట్లో కాదు, బూతులో.

*

అదే 1996లో ఎన్నికలు. మా జిల్లా సంగతి తెలిసినవాళ్లకు ఫ్లోరైడ్ అంటే చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు తాగి పళ్లు పచ్చబడతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుంటాయి, నడుం వంగిపోతుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టుకుంది. పేరు మాకు దక్కింది, నీళ్లు దక్కలేదు. జలసాధన సమితి వాళ్లు వేసిన ఎత్తు అందుకే పుట్టింది. లోక్‌సభకు వందల మంది నామినేషన్లు వేస్తే దేశమంతా నల్గొండ వైపు చూస్తుందని.

అప్పట్లో డిపాజిట్టు ఐదు వందలు. చందాలు పోగేశారు. అప్పులు చేశారు. కలెక్టరేట్ ముందు చూడాలి ఆ వరస. నడుం పైకెత్తలేక నేలనే చూస్తూ నడిచే మనుషులు, మోకాళ్లు దూరమై కాళ్లు విల్లులైన కుర్రాళ్లు, చేతిలో నామినేషన్ కాగితం. మేము కర్రలతో, బళ్లతో తోడు వెళ్లాం. అంతకు ముందు మాకూ వాళ్లకూ పెద్ద పొత్తు లేదు. మాది జబ్బు, వాళ్లది నీళ్ల తంటా అన్నట్టు ఉండేది. ఆ వరసలో ఒక ముసలాయన నా కాలిపర్ తట్టి చూసి, “ఇది నడుముకు దొరకదా కొడకా?” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనే ముందు నవ్వాడు.

చివరికి బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. అచ్చువేయడానికి వ్యవధి చాలక పోలింగ్‌నే వాయిదా వేశారు. పోలింగ్ కేంద్రానికి ఎప్పటిలాగే మెట్లు. ఇద్దరు చేతులు కలిపి అక్కను మోసుకుపోయారు. లోపల పేజీలు తిప్పుతూ ఆమె ఎంతసేపటికీ బయటికి రాదు. అధికారి కంగారుపడి పిలిస్తే లోపలి నుంచి సమాధానం: “చదువుకోనివ్వండి సార్, అందరూ మావాళ్లే.”

ఆ తర్వాత డిపాజిట్టును పది వేలకు పెంచారు. దేశం మా వైపు చూసిన మాట నిజమే, కానీ చూడగానే కళ్లు మూసుకునే ఏర్పాటు చేసుకుంది.

*

మెడికల్ బోర్డు గురించి రెండు మాటలు. వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్ కావాలంటే ఆసుపత్రికి పోవాలి. బోర్డు కూర్చునేది మేడ మీద. ఎక్కి వచ్చినవాడికి “ఎక్కగలిగావుగా” అని శాతం తగ్గిస్తారని పుకారు, ఎక్కలేనివాడు రాలేదని రాస్తారు. నలభై ఉంటేనే వికలాంగుడు, ముప్పై తొమ్మిదైతే ఎవరికీ ఏమీ కాడు. మాలో మేము పేర్ల తర్వాత శాతాలే అడిగేవాళ్లం. “నాకు అరవై, ఫస్ట్ క్లాస్” అనేవాణ్ని. అక్క తొంభై. జిల్లా ఫస్టు తనదేనని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పేది.

టీవీలో జైపాల్ రెడ్డి కనిపిస్తే హాస్టల్లోనూ, బూతులోనూ మాటలు ఆగేవి. పోలియో మనిషి, మా జిల్లాలో పుట్టినవాడు, తర్వాత మిర్యాలగూడ నుంచి గెలిచినవాడు. ఆయన ఇంగ్లిషు మాలో ఎవరికీ సగం కూడా అర్థమయ్యేది కాదు. మేం చూసింది కర్రలు. వేదిక ఎక్కేటప్పుడు తొందరపడడం లేదు, ఎవరు చూస్తున్నారన్న బెరుకు లేదు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం ఆయనకు వచ్చింది. వికలాంగుల తరఫున ఆయన ఇంకా మాట్లాడాల్సిందని అక్కకు ఎప్పుడూ ఒక కినుక ఉండేది. నాకు ఉండేది కాదు. కేంద్రమంత్రి కర్రలు పక్కన పెట్టుకుని దేశం సంగతులు మాట్లాడుతుంటే ఇంట్లో మా నాయన నోరు మూసుకుని విన్నాడు, నాకు అది చాలు. ఈ వాదన మా ఇద్దరి మధ్య తెగలేదు. 2019లో ఆయన పోయిన రోజు కూడా ఫోన్‌లో దీని మీదే పోట్లాడుకున్నాం.

*

2001 జనగణన ముందు అక్క మమ్మల్ని ఊళ్లు తిప్పింది. 1981లో వికలాంగుల గురించి అడిగారు, 1991లో ఆ ప్రశ్నే తీసేశారు. మళ్లీ పెట్టించడానికి ఢిల్లీలో పెద్ద పోరాటమే జరిగింది. ప్రశ్న వచ్చింది సరే, జవాబు చెప్పేవాళ్లేరి? ఇంట్లో అలాంటి పిల్ల ఉందంటే మిగతా పిల్లలకు సంబంధాలు రావని భయం. అక్క బండి తొక్కుకుంటూ పోయి గడప ముందు ఆపేది. ఇంట్లోకి రమ్మన్నా పోదు, పోలేదు కూడా. అక్కడే కూర్చుని మంచినీళ్లు అడిగి, ఊసులాడి, చివర్లో నెమ్మదిగా, “లెక్కకు సార్ వస్తాడు చెల్లీ, లోపలి గదిలో ఉన్న బాబు పేరు కూడా చెప్పు” అనేది. గదిలో బాబు ఉన్న సంగతి ఆమెకెలా తెలుసని తల్లులు తెల్లబోయేవారు. బూతులో కూర్చున్నవాళ్లకు తెలియని రహస్యం ఏముంటుంది? ఆ లెక్కలో దేశం మొత్తం మీద 2 కోట్ల 19 లక్షలమని తేలింది. అందులో మా మండలం వాటా కాస్త ఎక్కువే ఉంటుందని అక్క ధీమా.

హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ధర్నాలకు బస్సుల్లో, లారీల్లో పోయేవాళ్లం. అన్నిటిలోకీ పింఛను పెంచాలని కూర్చున్న రోజు మరచిపోలేను. ముందు రెండు వరసలు మూడు చక్రాల బళ్లు, వెనక కర్రల వాళ్లు, పక్కన తెల్లకర్రల వాళ్లు. చూపు లేనివాడు వెనక నుంచి బండి తోస్తాడు, బండిలో వాడు “ఎడమ, ఎడమ, గుంత” అని చెబుతాడు. రోడ్డు నిండా గొలుసుల కిర్రుమనే చప్పుడు. రోజూ మమ్మల్ని “పక్కకు జరుగు” అని అరిచే బస్సు డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి కూర్చున్నారు. నడక రాని జనం నడి రోడ్డంతా నిండిపోవడం చూసి నాకే గుండె ఉప్పొంగింది. ఒంటరిగా వెళ్తే నా కాలే కనిపిస్తుంది జనానికి. అక్కడ అందరివీ అవే కాళ్లు కాబట్టి మా మొహాలు చూడక తప్పలేదు.

పోలీసులు అరెస్టు చేస్తామన్నారు. చేయండన్నాం. వ్యాను తెచ్చారు. వ్యానుకు మెట్లున్నాయి. ఎత్తుకుని ఎక్కిస్తామని ఇద్దరు కానిస్టేబుళ్లు వంగితే అక్క బండి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. “బండి లేకుండా నేను రాను. అది నా కాళ్లు. కాళ్లు ఇక్కడ వదిలి నన్ను ఎక్కడికి తీసుకుపోతారు?” బండి ఎక్కించబోతే తలుపులో పట్టలేదు. ఒక పెద్ద అధికారి వచ్చి, చెమట తుడుచుకుని, చివరికి మజ్జిగ ప్యాకెట్లు పంచి పంపించాడు. అరెస్టు కావడానికి కూడా ర్యాంపు లేని దేశమని దారంతా నవ్వుకున్నాం.

తర్వాత మంద కృష్ణ మాదిగ ముందు నిలబడి వికలాంగుల హక్కుల పోరాట సమితి పేరుతో చేసిన ఉద్యమాలు మా చిన్న ధర్నాలకంటే చాలా పెద్దవి. ఐదు వందలున్న పింఛను తెలంగాణ వచ్చాక పదిహేను వందలైంది, తర్వాత 3,016, ఆ పైన 4,016. ఈ అంకెలు చెప్పినంత తేలిగ్గా రాలేదని, ఎండలో బండి సీటు మీద తొడలు కాలినవాళ్లకు తెలుసు.

*

ఇప్పుడు మా సంఘంలో పోలియో వాళ్లం తగ్గిపోయాం. 2016లో వచ్చిన కొత్త చట్టంలో ఏడు రకాల వైకల్యాలకు బదులు 21 రకాలు చేరాయి. కండరాల క్షీణత ఉన్నవాళ్లు, తలసీమియా పిల్లలు, యాసిడ్ దాడికి గురైన ఆడపిల్లలు, మరుగుజ్జులు వస్తున్నారు. ఉద్యోగాల్లో నూటికి మూడు కాస్తా నాలుగైంది. కొత్త పిల్లలు మాకంటే గట్టిగా మాట్లాడతారు, వేగంగా మాట్లాడతారు. కోర్టు తీర్పులు ఫోన్‌లోనే తీసి చదువుతారు. మా కార్యదర్శి కండరాల క్షీణత ఉన్న అమ్మాయి. కరెంటు కుర్చీ తోలుకుంటూ వచ్చి, నేను రాసిన అర్జీలో తప్పులు దిద్దుతుంది. అక్కకు ఆమె అంటే ప్రాణం. “నా నోరు దీనికి వచ్చింది” అంటుంది.

మా వంతు కష్టం కొత్తగా మొదలైంది. ఇన్నేళ్లూ కాళ్ల పని చేసిన చేతులు, భుజాలు ఇప్పుడు అలసిపోతున్నాయి. పోలియో వచ్చిన చాలా ఏళ్లకు కండరాలు మళ్లీ నీరసించడాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఆసుపత్రికి పోతే యువ డాక్టర్లు వయసు వల్ల అంటారు. పోలియో రోగిని చూసి ఉంటే కదా తెలిసేది. అందుకని మాలో మేమే ఫోన్ చేసుకుని, ఎవరికి ఏ భుజం నొప్పి, ఎవరు కాలిపర్ మాని చక్రాల కుర్చీకి మారారు, ఏ పరుపు మేలు అని చెప్పుకుంటాం. కుర్చీకి మారడం ఓడిపోవడమని పంతం పట్టిన ‘డబుల్’ అన్న ఒకడు ఇంకా ఉన్నాడు. అతనితో వాదించి లాభం లేదు.

వచ్చే నెల పాత హాస్టల్ వాళ్లందరం కలుద్దామనుకున్నాం. నా చెప్పుల జోడీ కరీంనగర్ నుంచి వస్తున్నాడు. అంపైరు కూడా వస్తానన్నాడు. హాలు మాట్లాడే పని ఒకడికి అప్పజెప్పాం. లిఫ్టు ఉందని వాడు మొదటి అంతస్తు హాలు ఖాయం చేశాడు. అక్క నిన్న రాత్రి ఫోన్ చేసి వాణ్నీ నన్నూ కలిపి తిట్టింది. కరెంటు పోతే అరవై మంది పైన ఇరుక్కుంటారా? బాత్రూము తలుపు వెడల్పు ఎంత? లోపల కుర్చీ తిరుగుతుందా? జనరేటర్ ఉందని మేనేజర్ చెప్పాడన్నాను.

“చెప్పడం కాదు తమ్ముడూ. టేపు పట్టుకుని పో. తలుపు కొలువు, జనరేటర్ ఆన్ చేయించి చూడు. కింద హాలు ఖాళీ ఉంటే అడ్వాన్స్ వెనక్కి తీసుకుని అదే మాట్లాడు. నాలుగు రాళ్లు ఎక్కువైనా సరే.”

రేపు ఆఫీసుకు సెలవు పెట్టాను. టేపు కొనాలి.